‘పర్వాలేదు’ అనరాదు

పరుపుల కంపెనీ, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం.

చిరంజీవి బావమరిదికి,

రేపోమాపో రిటైరయ్యేవాడివైనా నాకు నువ్వు చిరంజీవివే, కాబట్టి ముందుగా ఆశీర్వాదాలు. ఇక్కడ నా నడుం తప్ప అందరం కులాసా. ఆ నడుమే ఈ ఉత్తరానికి కారణం. కూర్చుని చదువు. నాకు ఉద్యోగం వచ్చింది!

ఏం ఉద్యోగమో రాయడానికి నాకే నవ్వొస్తోంది. పడుకోవడం. నిజంరా. పొద్దున్నే తల దువ్వుకుని, క్యారేజీ పట్టుకుని, కంపెనీ బస్సెక్కి వచ్చి ఇక్కడ పడుకుంటాను. కాసేపయ్యాక లేస్తాను. ఇంకో పరుపు వేస్తారు, మళ్ళీ పడుకుంటాను. సాయంత్రం ఇంటికెళ్ళి ‘అలిసిపోయాను’ అంటే మీ అక్క నా వైపు చూసిన చూపు నువ్వు చూడాలి.

బస్సు స్టీరింగు వదిలినప్పటి నుంచీ నేనెలా ఉన్నానో నీకు తెలుసుగా. కిటికీ దగ్గర కూర్చుని, వీధిలో పోయే ప్రతి బస్సూ ఏ గేరులో పోతోందో మీ అక్కకి చెబుతుండేవాణ్ణి. పాపం ఆవిడ ప్రతిసారీ ‘అలాగా’ అనేది. ఆవిడే ఒకరోజు పేపర్లో ప్రకటన చూపించింది. ‘దీర్ఘకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్న పెద్దవారు కావలెను.’ చదివి, “ఇన్నాళ్ళకి మీ నడుం విలువ తెలిసినవాళ్ళు దొరికారు, వెళ్ళండి” అంది.

వెళ్ళాను. ఇద్దరు కుర్రాళ్ళు కూడా నొప్పి ఉందని చెప్పుకుని వచ్చారు. ఇక్కడ పెద్ద మా ఇంజనీరమ్మ. మీ అమ్మాయి వయసుంటుంది. వాళ్ళని చెక్కబల్ల మీద పడుకోమంది. హాయిగా పడుకున్నారు, గురక పెట్టారు, లేపి ఇంటికి పంపేసింది. నా వంతు వచ్చింది. బల్ల మీద వాలానో లేదో, నేను పెట్టిన ‘అమ్మో’కి పక్కగదిలో వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ఇంజనీరమ్మ కళ్ళు మెరిశాయి. ముప్పై ఏళ్ళు డ్రైవరు సీటు మీద సంపాదించిన నొప్పి కదా, ఊరికే పోతుందా!

మొదట్లో పరుపులకి మార్కులు వెయ్యమనేది. మా ముసలివాళ్ళ సంగతి తెలిసిందేగా. నా పక్కమంచం ఒక టైలరుగారు, ఆయనది మెడనొప్పి, అందుకని దిండ్లు ఆయన చూస్తాడు. రాయిలాంటి దిండు పెట్టినా ‘పర్వాలేదమ్మా’ అనేవాడు. నేనూ అంతే. ఎవరో కష్టపడి కుట్టారు, వంక పెట్టడం ఎందుకని మా మొహమాటం. ఇంజనీరమ్మ విసిగిపోయి గోడ మీద బోర్డు పెట్టించింది. ‘ఈ గదిలో పర్వాలేదు అనరాదు.’ మమ్మల్ని అడగడం కూడా మానేసింది. పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ మా నోట్లోంచి దానంతటది ఏది వస్తే అది రాసుకుంటుంది. ‘అమ్మో’ అంటే ఆ పరుపు పనికిరాదు. ‘అబ్బా’ అంటే బాగుచెయ్యాలి. ‘హమ్మయ్య’ అంటే అమ్మకానికి పంపొచ్చు.

యంత్రంతో పరుపులు కొలిచే కుర్రాళ్ళు మొదటిరోజు నాతో చెవిటివాడితో మాట్లాడినట్టు అరిచి మాట్లాడారు. “తాతగారూ! ఇటు! మెల్లగా!” అని. ఇప్పుడు నేను పడుకుంటే అందరూ గుసగుసలాడతారు. నా హమ్మయ్య కోసం గదంతా ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుందిరా. బస్సులో అంతమందిని తిప్పాను గానీ ఇంత మర్యాద ఎప్పుడూ ఎరగను.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. మన ఇళ్ళల్లో ఫోన్ మాట్లాడటమంటే ఊరందరికీ చాటింపు వెయ్యడమే. ఇటు మీ అక్క, అటు మీ ఆవిడ. ఉత్తరమైతే మనిద్దరికే. అందుకే నీ లైబ్రరీకి రాస్తున్నాను.

ఇట్లు,
పడుకుని సంపాదిస్తున్న
మీ బావ


లైబ్రరీ,
మెట్ల కింద.

బావా,

నీ ఉత్తరం చదివి ఎంత గట్టిగా నవ్వానంటే, లైబ్రరీలో నిశ్శబ్దం పాటించమని చదువుకునే పిల్లలు నాకే చెప్పారు. పడుకున్నందుకు జీతమా! నేను కూర్చున్నందుకు తీసుకుంటున్నాను, ఆ లెక్కన నీకంటే ఎక్కువ కష్టపడుతున్నట్టే.

పైన చిరునామా చూసి కంగారుపడకు, నిజంగానే మెట్ల కిందే ఉన్నాను. కొత్తగా ఒక ఆఫీసరు వచ్చాడు. మంచి కుర్రాడే, మర్యాద తెలిసినవాడు. ఆ మర్యాదే నా కొంప ముంచింది. “సార్, ఈ వయసులో మీకు పైకెక్కడం ఇబ్బంది కదా. మీ బల్ల కిందికి మార్పించాను. పర్వాలేదా?” అన్నాడు. ఎన్నో ఏళ్ళుగా పై అంతస్తులో కిటికీ పక్కన కూర్చున్నవాణ్ణి. నాకే ఇబ్బందీ లేదు, రోజూ ఆ మెట్లు ఈల వేసుకుంటూ ఎక్కేవాణ్ణి. కానీ నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? “పర్వాలేదు బాబూ.” మా గోడ మీద బోర్డు లేదు మరి.

ఇప్పుడు కొత్త పుస్తకాలు వస్తే నేరుగా పైకి వెళ్ళిపోతాయి. నా దగ్గర ఆగవు. నన్ను దాటుకుంటూ అందరూ “సార్, రెస్ట్ తీసుకోండి” అంటారు. తలమీద చెప్పుల చప్పుడు విని ఎవరు పైకెళ్తున్నారో చెప్పేస్తున్నాను, నువ్వు గేర్లు చెప్పినట్టు. ఇక్కడ ‘అలాగా’ అనడానికి అక్క కూడా లేదు.

సరే, ఏడుపు ఆపాను. నాకొక పరుపు పంపించు. నువ్వు స్వయంగా హమ్మయ్య అన్నదే కావాలి, తెలిసినవాడు కంపెనీలో ఉండి ఏం లాభం లేకపోతే!

అన్నట్టు, నిన్న అక్క ఫోన్ చేసింది. “మీ బావకి ఉద్యోగం వచ్చాక నొప్పి ముదిరినట్టుందిరా, గ్లాసు కింద పడితే వంగలేకపోతున్నారు” అంది. అదేమిటి? రోజంతా పరుపుల మీద దొర్లేవాడికి నొప్పి ముదరడమేమిటి?

నీ
బావమరిది


పరుపుల కంపెనీ,
కిటికీ పక్క మంచం (దుప్పటి కప్పుకుని).

ఒరేయ్ బావమరిదీ,

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి. చింపానని ఒట్టేసి నాకు రాయి.

నా నడుం బాగైపోయింది.

ఎప్పుడు పోయిందో ఎలా పోయిందో తెలీదు. ఒకరోజు మా ఇంటి గుమ్మంలో తాళంచెవి జారిపడితే వంగి తీశాను. తీశాక గుర్తొచ్చింది, నేను వంగానని. అటూ ఇటూ చూశాను, ఎవరూ లేరు. తాళంచెవి మళ్ళీ కింద పడేశాను, మళ్ళీ వంగాను. భలేగా ఉందిరా! ఒంటికాలి మీద నిలబడి చూశాను. మెట్లు రెండేసి చొప్పున దిగి చూశాను. ఆఖరికి ఎదురింటి తలుపు తెరుచుకుంటే గోడ పట్టుకుని ‘అబ్బా’ అన్నాను.

నవ్వకు. నా గతి ఆలోచించు. నన్ను తీసుకున్నదే నొప్పి చూసి. నొప్పి లేనివాడికి ఇక్కడేం పని? మళ్ళీ ఆ కిటికీ దగ్గరకి పోయి గేర్లు చెప్పుకుంటూ కూర్చోలేనురా. ఇక్కడ నేనొస్తే “వచ్చారా” అంటారు. టైలరుగారు నాకోసం టీ పట్టి ఉంచుతాడు. ఇది పోతే నా పని అయిపోతుంది, ఉన్నమాట చెబుతున్నాను.

అందుకని నటిస్తున్నాను. ఏ పరుపు వేసినా నాకిప్పుడు హాయిగానే ఉంది. అన్నిటికీ హమ్మయ్య అంటే పట్టుబడిపోతాను కదా, వంతులవారీగా పెట్టుకున్నాను. ఒకదానికి అబ్బా, ఒకదానికి హమ్మయ్య, మధ్యలో రుచికి ఒక అమ్మో. మొన్న నిప్పు అంటుకుంటే ఎలా బయటపడాలో నేర్పడానికి గంట కొట్టారు. అందరికంటే ముందు నేనే కిందికి పరిగెత్తాను. కుర్రాళ్ళు రొప్పుతూ నా వెనకాల. కిందికొచ్చాక గుర్తొచ్చి నడుం పట్టుకుని చతికిలబడ్డాను. “పాపం, భయంతో పరిగెత్తారు” అని నలుగురూ మోసుకొచ్చారు. వద్దనలేక పైదాకా మోయించుకున్నాను.

మీ అక్కకి చెబితే వీధంతా తెలుస్తుంది, వీధి చివరే కంపెనీ బస్సు ఆగుతుంది. అందుకని ఇంట్లోనూ ఇదే నాటకం. ఒక్కటే మనసుకి గుచ్చుకుంటోంది. తాగే నీళ్ళ డబ్బా కిందనుంచి మూడో అంతస్తుకి ఆవిడే మోస్తోంది. “నేను తేనా?” అని మూలుగుతూ అడుగుతాను. “పర్వాలేదు” అంటుంది. పర్వాలేదంటోంది కదా అని ఊరుకుంటున్నాను.

నీ పరుపు పంపించాను. కొత్త రకం, ఇంకా నాలుగే బయటికి వెళ్ళాయి. నేను హమ్మయ్య అన్నదే.

ఇట్లు,
నొప్పి లేక బాధపడుతున్న
మీ బావ


ఇల్లు,
నువ్వు పంపిన పరుపు మీద (లేవలేక).

బావా,

ఇది నీ ఏ వంతులో హమ్మయ్య?

రెండు రోజులు పడుకున్నానో లేదో, మూడోరోజు నడుం పట్టేసింది. మధ్యలో గుంట పడింది, అందులో నేను పడ్డాను. మా ఆవిడా ఎదురింటాయనా కలిసి లాగితే బయటికొచ్చాను. ఇప్పుడు నా ఒంట్లో నీ అబ్బా, నీ అమ్మో రెండూ ఉన్నాయి, హమ్మయ్య ఒక్కటే లేదు. నీ ఉత్తరం చింపాలంటే బల్ల దాకా నడవాలి, అందుకని చింపలేదు. దిండు కిందే ఉంది. జాగ్రత్త!

అక్క ఫోన్ చేసి “నీకేమైందిరా” అంది. “బావ నడుం ఎలా ఉంది?” అని అడిగాను. అడిగి నవ్వు ఆపుకోలేక దగ్గాను. దగ్గితే నడుం కలుక్కుమని ఏడ్చాను. అక్క కంగారుపడింది.

నవ్వులాట పక్కన పెట్టి ఒకమాట చెబుతాను. లైబ్రరీకి ఫోన్ చేసి సెలవు అడిగాను. “అలాగే సార్, ఎన్నాళ్ళైనా రెస్ట్ తీసుకోండి” అన్నారు. ఎప్పుడొస్తానని ఒక్కరూ అడగలేదు. ఆ మాట ఈ నడుం కంటే ఎక్కువ నొప్పి పుట్టించింది బావా. నేను లేకపోయినా వాళ్ళకి ఏ పనీ ఆగలేదు. కానీ నువ్వు నోరు తెరిచి అన్న ఒక్క మాటకి నేనిక్కడ మంచాన పడ్డాను. నీ మాటకి అంత బరువుందని తెలుసుకో. దాన్ని వంతులవారీగా అనొద్దు.

వెళ్ళి ఇంజనీరమ్మకి చెప్పు. లేకపోతే నేను అక్కకి చెబుతాను. నీ ఉద్యోగం పోతే నాకిప్పించు, ఇప్పుడు నీకంటే నాకే అర్హత ఎక్కువ.

నీ
వంగిన బావమరిది


పరుపుల కంపెనీ,
మంచం కాదు, కుర్చీ.

చిరంజీవి బావమరిదికి,

నీ ఉత్తరం చదివి నిలువునా నీరైపోయాను. నీలాగే ఇంకా ముగ్గురు గుంటలో ఉన్నారు కదా అనిపించింది. టీ కూడా తాగకుండా ఇంజనీరమ్మ గదికి వెళ్ళి, తలుపేసి, ఉన్నదంతా చెప్పేశాను. నిన్ను గుంటలో పడేసిన సంగతితో సహా.

ఆవిడ ముందు ఫోన్ తీసి ఆ నాలుగు పరుపులూ వెనక్కి తెప్పించమని చెప్పింది. ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది.

“నాకెప్పుడో అనుమానం వచ్చింది అంకుల్” అంది. “మీ అబ్బా ఈమధ్య మీరు పడుకోకముందే వచ్చేస్తోంది.”

“మరి అడగలేదేమమ్మా?”

“అడిగితే పర్వాలేదు అంటారుగా!”

నేను లేచి నిలబడ్డాను. “రేపట్నుంచి రానులే అమ్మా” అన్నాను. ఆవిడేమో పకపకా నవ్వడం మొదలుపెట్టింది. “కూర్చోండి అంకుల్! ముప్పై ఏళ్ళ నొప్పిని పోగొట్టిన పరుపు మా కంపెనీలో ఉందా? ఇంత మంచి కబురు ఎవరైనా దాస్తారా? అదేదో చెప్పండి ముందు!”

అదే నాకు తెలీదు! అన్నిటిమీదా పడుకున్నవాణ్ణి. ఇద్దరం కూర్చుని ఒక్కొక్క పరుపూ తలుచుకున్నాం. ఆఖరికి టైలరుగారు తలుపు సందులోంచి తల పెట్టి, “అన్నం తిన్నాక రోజూ దొంగతనంగా కునుకు తీస్తాడమ్మా, ఆ కిటికీ కింద మూల పడేసిన పాతదాని మీద” అని నన్ను పట్టించేశాడు. అది పాత రకం. ముతకగా ఉందని, చూడ్డానికి బాగోలేదని తయారీ ఆపేశారట. ఇప్పుడు మళ్ళీ మొదలుపెడుతున్నారు!

ఇక నా సంగతి. ఆ పరుపు పెద్దవాళ్ళ ఇళ్ళకి తీసుకెళ్ళి, పరిచి, వాళ్ళు పడుకుని లేచేదాకా దగ్గరుండి, ఏమంటారో వినాలట. మొహమాటం దాటి అసలు మాట చెప్పించడం కుర్రాళ్ళ వల్ల కావడం లేదట. వ్యాను కూడా నేనే నడపాలి. స్టీరింగురా! మళ్ళీ నా చేతికి స్టీరింగు! నీ గుంట పరుపు తీసుకెళ్ళడానికి ముందు నీ ఇంటికే వస్తున్నాను, కొత్తది వేసుకుని.

నా మంచం ఖాళీ అయింది కాబట్టి, ముదిరిన నడుం ఒకటి కావాలట. నీ గురించి గట్టిగా చెప్పాను.

చిక్కల్లా ఒక్కటే. ఆదివారం ఇంజనీరమ్మ మా ఇంటికొస్తుంది. నేను బరువులెత్తడం, వంగడం కళ్ళారా చూసి ఫోటోలు తీసుకోవాలట. ఈలోగా మీ అక్కకి చెప్పాలి. నలభై మందితో నిండిన బస్సుని ఇరుకు సందులో వెనక్కి తిప్పినవాణ్ణే గానీ, ఈ మాట ఎలా తిప్పి చెప్పాలో తెలియడం లేదు.

ఇట్లు,
భయపడుతున్న
మీ బావ


పరుపుల కంపెనీ, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం.

ఒరేయ్ తమ్ముడూ,

చిరునామా చూసి బావ రాశారనుకున్నావా? నేనేరా, మీ అక్కని. బావాబావమరుదులు నా వెనకాల ఉత్తరాలు రాసుకుంటారా? ఆయన క్యారేజీ సంచిలో నీ ఉత్తరాలు దొరికాయి, అన్నీ చదివాను. ఇప్పుడు నేనూ రాస్తాను.

ఆదివారం పొద్దున్నుంచీ మీ బావ నా చుట్టూ తిరిగారు. “నీతో ఒక మాట” అంటారు. ఏమిటంటే “కాఫీ ఉందా?” అంటారు. అలా ఎన్ని కాఫీలు తాగారో! ఇంతలో ఆ అమ్మాయి రానే వచ్చింది. మీ బావ గబగబా కిందికి వెళ్ళారు. నిండు నీళ్ళ డబ్బా భుజాన వేసుకుని మూడు అంతస్తులూ ఎక్కి వచ్చి, నా ముందు దించి, బళ్ళో తప్పు చేసిన పిల్లాడిలా నిలబడ్డారు. అమ్మాయి ఫోటో తీసింది.

నేను చూశాను. “ఇంకొకటి కూడా ఉంది కింద. అదీ తెండి” అన్నాను.

ఆయన మొహం చూడాలి నువ్వు!

నాకు తెలియదనుకున్నారా మీరిద్దరూ? గుమ్మంలో తాళంచెవి పడేసుకుని వంగుతూ లేస్తూ మురిసిపోతుంటే, తలుపు కన్నంలోంచి చూసి నోట్లో కొంగు కుక్కుకుని నవ్వింది నేనే. నీ దగ్గుతో ఇంకా రూఢి అయింది. ఊరికే ఎందుకున్నానంటే, ఆ మనిషి మళ్ళీ ఈల వేస్తున్నారురా. కిటికీ దగ్గర కూర్చుని గేర్లు చెప్పినన్నాళ్ళూ ఈల వెయ్యలేదు. ఆ ఈల కోసం నీళ్ళ డబ్బా ఒక లెక్కా అనుకుని మోశాను. పోనుపోను లెక్కే అనిపించింది, అది వేరే సంగతి.

అమ్మాయికి టీ పెడదామని పీట మీంచి లేచాను. లేస్తూ ‘అబ్బా’ అన్నాను. ఎప్పుడూ అనేదే, మా ఇంట్లో ఎవరికీ వినపడదు. ఆ అమ్మాయికి వినపడింది. చేతిలో ఫోన్ దించేసింది.

“ఆంటీ, నడుం నొప్పా?”

“పర్వాలేదమ్మా.”

ఆ అమ్మాయి నవ్వేసింది. మీ బావ నవ్వలేదు. “ఎప్పట్నుంచి?” అన్నారు.

“ఎప్పట్నుంచోలెండి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“ఇంట్లో ఒక నడుం నొప్పికే చోటుంది కదండీ” అన్నాను. వేళాకోళానికే అన్నానురా. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కిందికెళ్ళి రెండో డబ్బా తెచ్చారు. ఆ తర్వాత టీ కూడా ఆయనే పెట్టారు. చక్కెర వెయ్యడం మర్చిపోయారు, ముగ్గురం అలాగే తాగాం.

అమ్మాయి నన్ను మా పాత మంచం మీద పడుకుని లేవమంది. లేచాను. నా నోట్లోంచి వచ్చింది విని, “ఆంటీ, రేపట్నుంచి రండి” అంది.

“నేనెప్పుడూ ఉద్యోగం చెయ్యలేదమ్మా. నాకేం వచ్చు?”

“పడుకోవడం రాదా ఆంటీ?”

“అదే రాదమ్మా” అన్నాను. నిజంగానే రాదురా. మొదటిరోజు ఇక్కడ పడుకున్నానా, ఎవరో పిలిచినట్టుంటే లేచి కూర్చున్నాను. మళ్ళీ పడుకున్నాను, పొయ్యి కట్టేశానా అని లేచాను. పక్కమంచం దుప్పటి మడతపెట్టాను. టైలరుగారి దిండుకి గలీబు సరిచేశాను. కొలతల కుర్రాళ్ళు నా చేతిలోంచి దుప్పటి లాక్కుని, “ఆంటీ, సర్దకండి, పని చెయ్యండి, పడుకోండి!” అని కేకలేశారు. జీవితంలో మొదటిసారి పని ఎగ్గొడుతున్నానని తిట్లు తిన్నాను. ఎంత సంతోషమేసిందో!

మధ్యాహ్నం మీ బావ నడుం బాగుచేసిన పరుపు వేశారు. నెమ్మదిగా వాలాను. నాకు తెలియకుండానే ‘హమ్మయ్య’ అన్నాను. ఇంజనీరమ్మ రాసుకుంది. నా హమ్మయ్యని ఒకళ్ళు ఆగి విని కాగితం మీద రాసుకోవడం చూసి నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. అరవై ఏళ్ళ మనిషిని, రెండూ ఒకేసారి ఆపుకోలేకపోయాను. నా నడుం కూడా బాగైపోతే ఎలాగా అని దిగులు లేదు. మీ బావ వ్యానులో పక్క సీటు ఖాళీగానే ఉందట.

నీకు మాత్రం ఈ ఉద్యోగం రాదురా. నీ నొప్పి నిన్నగాక మొన్నటిది, మంచి పరుపు వేస్తే వారంలో పోతుంది. బావ తెస్తున్నారు. అది పోగానే లేచి నీ లైబ్రరీకి వెళ్ళు. మెట్ల కింద కూర్చోకు. మెట్లెక్కు, ఈల వేసుకుంటూ ఎక్కు, ఆ ఆఫీసరు కుర్రాడికి వినపడేలా ఎక్కు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు, నువ్వు పర్వాలేదన్నావు, నమ్మాడు. నేను పర్వాలేదంటే మీ బావ నమ్మినట్టే. మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో, ఇక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రోజూ పడుకుని అదే చదువుతున్నాను.

ఇంజనీరమ్మ పిలుస్తోంది, ఉంటాను మరి. వెళ్ళి పడుకోవాలి, చాలా పని ఉంది.

మీ
అక్క